కార్తెల లెక్కన పల్లె ఇంటి ఏడాది: మూడెకరాల మెట్ట, పాడి, జీవాలు, పెరటి కోళ్లకు సమగ్ర మార్గదర్శి

దక్షిణ తెలంగాణలోని పాలమూరు, నల్లగొండ ప్రాంతాల ఎర్ర చల్క (తేలికపాటి ఇసుక పాలున్న) నేలల్లో మూడెకరాల పొలం, అందులో అరెకరానికి సరిపోయే బోరు నీరు, ఇంటి వెనుక ఒక కొట్టం ఉన్న కుటుంబాన్ని దృష్టిలో పెట్టుకొని ఈ మార్గదర్శి రాస్తున్నాను. ఈ ప్రాంతంలో ఏడాదికి సుమారు 600 నుంచి 700 మిల్లీమీటర్ల వాన పడుతుంది. అందులో ఎక్కువ భాగం జూన్, సెప్టెంబరు నెలల మధ్యే కురుస్తుంది కాబట్టి, ఆ నాలుగు నెలల్లో దాచుకున్నదాని మీదే మిగతా ఎనిమిది నెలలు పశువు బతకాలి. ఇంట్లో ఎన్ని పశువులు ఉండాలో చేతిలో ఉన్న డబ్బు కాదు, గడ్డివాము నిర్ణయించాలి. ఏ పశువు ఏ నెలలో ఈనాలన్నది కూడా మేతను చూసుకొనే అనుకోవాలి. ఈ రెండూ కుదిరిన ఇంట్లో మిగతా పనులు వాటంతట అవే వరుసలో పడతాయి.

ముందుగా వాము లెక్క

పాలిచ్చే గేదెకు పచ్చిమేత సమృద్ధిగా ఉన్న రోజుల్లో మూడు కిలోల ఎండుమేత చాలు. పచ్చిమేత తగ్గిన రోజుల్లో ఆరు కిలోలు కావాలి. నాలుగు నెలలు మూడు కిలోల చొప్పున, ఎనిమిది నెలలు ఆరు కిలోల చొప్పున లెక్కిస్తే ఒక గేదెకు ఏడాదికి దాదాపు 1,800 కిలోలు అవసరం. రెండు గేదెలకూ, ఎదుగుతున్న ఒక పడ్డకూ (ఇంకా ఈనని ఆడ గేదె దూడకూ) కలిపి నాలుగున్నర టన్నులు పట్టుకోవాలి. కాలం బాగుంటే వానాధారపు జొన్న ఎకరానికి టన్నున్నర నుంచి రెండు టన్నుల చొప్ప ఇస్తుంది. అంటే రెండెకరాల జొన్న వేసినా కొంత వరిగడ్డి బయటినుంచి కొనక తప్పదు. వరిగడ్డి దాదాపు ధాన్యం తూకంతో సమానంగా వస్తుంది కాబట్టి, పక్క ఊరి ఆయకట్టు రైతు ఎన్ని బస్తాలు పండించాడో అడిగితే అతని దగ్గర ఎంత గడ్డి దొరుకుతుందో ముందే తెలుస్తుంది.

పది గొర్రెలో, మేకలో కలిసి దాదాపు ఒక గేదె మేసినంత మేస్తాయి. అవి గట్లమీద, బీడుల్లో తిరిగి మేస్తాయి కాబట్టి వాము మీద భారం తక్కువే. ఈ లెక్కన మూడెకరాల ఇంటికి రెండు గేదెలు, ఒక పడ్డ, పది జీవాలు (గొర్రెలు, మేకలు), పన్నెండు పెట్టలు, ఒక పుంజు సరిపోతాయని నా అభిప్రాయం. రోజుకు పదిహేను లీటర్లు ఇచ్చే గేదె అని చెప్పి అమ్మజూపే బేరాలు ఎక్కువగా ఎండాకాలంలోనే వస్తాయి. ఎందుకంటే అప్పుడు అమ్మేవాడి వాము ఖాళీ అయి ఉంటుంది. అలాంటి బేరానికి దిగే ముందు కొనేవాడు తన వాము వైపు ఒకసారి చూసుకోవాలి.

బోరు కింది అరెకరంలో పది గుంటలు (పావు ఎకరం) సూపర్ నేపియర్ గడ్డికి కేటాయించాలి. రెండు కణుపుల ముక్కలను మూడడుగుల ఎడంతో సాళ్లలో నాటితే మొదటి కోత 70 నుంచి 75 రోజులకు, ఆ తర్వాత ప్రతి 45 రోజులకు ఒక కోత వస్తుంది. నీరు, పెంట సరిగ్గా అందితే ఈ పది గుంటలు రెండు గేదెల పచ్చిమేత అవసరాన్ని తీరుస్తాయి. నేపియర్‌లో మాంసకృత్తులు తక్కువ కాబట్టి పక్కనే నాలుగైదు గుంటల్లో దశరథ గడ్డి వేయాలి, గట్లమీద అవిసె, సుబాబుల్ పెంచాలి. సుబాబుల్ ఆకు మొత్తం పచ్చిమేతలో మూడో వంతు దాటకూడదు. దాటితే అందులోని మిమోసిన్ అనే విషపదార్థం వల్ల వెంట్రుకలు రాలిపోతాయి, పశువు నీరసిస్తుంది.

రోహిణి: వానకు ముందు రెండు వారాలు

కార్తె అంటే సూర్యుడు ఒక నక్షత్రంలో ఉండే సుమారు రెండు వారాల కాలం. రోహిణి కార్తె మే 25 ప్రాంతంలో మొదలవుతుంది. రోళ్లు పగిలే ఎండల్లో పొలం పని పెద్దగా ఉండదు కాబట్టి ఊళ్లో చాలామంది దీన్ని విశ్రాంతి కాలంగా చూస్తారు. పశువులున్న ఇంటికి మాత్రం ఏడాది మొత్తంలో ఇంతకన్నా ముఖ్యమైన పక్షం ఇంకొకటి లేదు. తొలకరితో వచ్చే రోగాలకు టీకా తొలకరికి ముందే పడాలి. టీకా వేసిన రెండు మూడు వారాలకు గానీ పశువు ఒంట్లో రక్షణ ఏర్పడదు.

మే రెండో వారంలో అన్నింటికీ నట్టల (కడుపులోని పురుగుల) నివారణ మందు తాగించాలి. తర్వాత ఒక వారం ఆగి టీకాలు మొదలుపెట్టాలి. గేదెలకు గొంతువాపు టీకా తప్పనిసరి. ఆరు నెలల నుంచి మూడేళ్ల లోపు పశువులకు జబ్బవాపు టీకా కూడా వేయించాలి. గాలికుంటు టీకాను ప్రభుత్వం ఏడాదికి రెండు విడతలుగా ఉచితంగా వేస్తుంది. ఆ విడత ఊరికి ఎప్పుడు వస్తుందో పశువైద్యశాలలో అడిగి తెలుసుకోవాలి. గొర్రెలకు, మేకలకు చిటుకు రోగం టీకా వానలకు ముందే పడాలి. మొదటిసారి వేయించే జీవాలకు రెండు మూడు వారాల ఎడంతో రెండో మోతాదు కూడా అవసరం. నీలి నాలుక టీకాకు కూడా ఇదే అదను. పారుడు రోగం టీకా ఒకసారి వేస్తే సుమారు మూడేళ్లు కాపాడుతుంది కాబట్టి ఏ జీవానికి ఎప్పుడు వేశారో రాసి ఉంచాలి. అన్ని టీకాలూ ఒకేరోజు వేయించుకోవాలన్న తొందర మంచిది కాదు. ఒకదానికీ మరొకదానికీ మధ్య రెండు వారాలైనా ఎడం ఉండాలి.

ఇదే సమయంలో కొట్టం పైకప్పు చూసుకోవాలి. ఒక్కో గేదెకు 40 చదరపు అడుగుల నీడ, దానికి రెట్టింపు ఖాళీ దొడ్డి ఉండాలి. నేల కాలువ వైపు వాలి ఉండాలి, ఒక బిందె నీళ్లు పోస్తే క్షణంలో కాలువలోకి జారిపోవాలి. ఎక్కడ నీరు నిలిచిందో అక్కడే వానాకాలంలో గిట్టల పుండ్లు, పొదుగువాపు మొదలవుతాయి. జీవాల కొట్టంలో ఒక్కోదానికి పది చదరపు అడుగులు చాలు, కానీ నేల పొడిగా ఉండాలి. పిడకలు, కంది కట్టె, ఎండుగడ్డి వానకు తడవని చోటికి చేర్చాలి.

విత్తనాలకు మొలక పరీక్ష చేయడానికి కూడా ఇదే సమయం. వంద గింజలను తడి గోనెసంచిపై వరుసగా పరిచి, చుట్టి, నాలుగైదు రోజులు తడి ఆరనీయకుండా ఉంచి లెక్కపెట్టాలి. వందకు 75 కంటే తక్కువ మొలిచిన జొన్నను, కందిని విత్తనానికి వాడకూడదు.

మృగశిర, ఆరుద్ర: విత్తు, తొలి పచ్చిక, జొన్న నాము

మొదటి వాన పడగానే విత్తనం పట్టుకొని పొలానికి పరుగెత్తడం చల్క నేలల్లో తరచుగా నష్టమే తెస్తుంది. మొత్తం 50 నుంచి 60 మిల్లీమీటర్ల వాన కురిసి, జానెడు లోతున తీసిన మట్టిని పిడికిట్లో బిగిస్తే ఉండ కట్టేంత పదును ఉన్నప్పుడే విత్తాలి. ఆరుద్ర కురిస్తే దారిద్ర్యం లేదని పెద్దలు అన్నారు. మృగశిరలో పదును కుదరకపోతే ఆరుద్ర కోసం నిశ్చింతగా ఆగవచ్చు. రెండెకరాల్లో రెండు లేదా మూడు సాళ్ల జొన్నకు ఒక సాలు కంది చొప్పున వేస్తే, జొన్న చొప్ప మూడున్నర నాలుగు నెలల్లో చేతికి వస్తుంది, కంది సంక్రాంతి దాకా నిలిచి పప్పు, పొట్టు, కట్టె మూడూ ఇస్తుంది. మిగిలిన మెట్టలో పెసర చల్లితే 65 నుంచి 70 రోజుల్లో కాయ కోసుకొని, తీగను మేతగా వాడుకోవచ్చు.

కొట్టం పక్కన ఆనప, బీర పాదులు పెట్టి పైకప్పు మీదికి పాకించాలి, పందిరికి చిక్కుడు విత్తాలి. ఆరుద్ర, పునర్వసుల్లో వేపపండ్లు రాలుతాయి. వాటిని ఏరి, గుజ్జు కడిగి, గింజలను నీడన ఆరబెట్టాలి. ఐదు కిలోల గింజల పొడిని మూటగట్టి రాత్రంతా నీళ్లలో నానబెట్టి, పిండి, వంద లీటర్లకు చేర్చితే ఐదు శాతం కషాయం తయారవుతుంది. ఏడాది పొడవునా కూరగాయలకు ఇదే ప్రధానమైన మందు.

తొలకరి పచ్చిక లేతగా, నీరు ఎక్కువగా ఉంటుంది. ఎనిమిది నెలలు ఎండుమేత తిన్న పశువును ఒక్కసారిగా దానిమీదికి వదిలితే పారుకుంటుంది. ఉదయం కాస్త ఎండుగడ్డి వేసి, మంచు ఆరాక రెండు గంటలు మేపి, వారం రోజుల్లో మెల్లగా సమయం పెంచాలి.

జొన్న నాము, అంటే పచ్చి జొన్న తిని పశువుకు విషమెక్కడం గురించి ఈ ప్రాంతంలో తెలియనివారు లేరు. అయినా ఏటా దానివల్ల పశువులు పోతూనే ఉన్నాయి. మొలిచినప్పటినుంచి పూత దశ దాకా, ముఖ్యంగా వర్షం ముఖం చాటేసి పైరు వాడిపోయినప్పుడు, జొన్న ఆకుల్లో సైనైడ్‌ను పుట్టించే పదార్థం ఎక్కువగా ఉంటుంది. కోత తర్వాత మోడునుంచి వచ్చే పిలకల్లోనూ అంతే. తిన్న కొద్ది నిమిషాల్లోనే పశువు ఆయాసపడుతుంది, నోటినుంచి నురగ వస్తుంది, తూలి పడిపోతుంది. సోడియం థయోసల్ఫేట్ ఇంజెక్షన్ వెంటనే పడితే బతుకుతుంది. అందుకు పశువైద్యుడు గానీ, 1962 నంబరుకు ఫోన్ చేస్తే వచ్చే సంచార పశువైద్య వాహనం గానీ కావాలి. గొంతులో ఏవేవో పోస్తూ కూర్చుంటే ఆ సమయం చేజారుతుంది. జొన్న చేను పక్కన మేపేటప్పుడు గేదె మెడలో పలుపు తీయకపోవడమే అన్నిటికన్నా తేలికైన నివారణ. జొన్నను పచ్చిమేతగా కోయాలనుకుంటే సగం చేను పూతకు వచ్చాకే కోయాలి. ఎండిన చొప్పతో ఈ భయం ఉండదు. పాలమూరు వైపు ఆముదం చేలు ఎక్కువ. జీవాలను ఆముదం ఆకుకు, గింజకు కూడా దూరంగా ఉంచాలి.

గొర్రెల్లో పొట్టేలును మందలోకి వదలాల్సింది కూడా ఈ రెండు కార్తెల్లోనే. పచ్చిక దొరికి ఒళ్లు చేస్తున్న గొర్రె త్వరగా ఎదకు వస్తుంది. చూలు కాలం సుమారు 150 రోజులు కాబట్టి పిల్లలు కార్తీక, మార్గశిరాల్లో పుడతాయి. అప్పటికి కోతలైన చేలు ఖాళీగా ఉంటాయి, తల్లికి మేత, పాలు రెండూ ఉంటాయి. మరుసటి దసరాకు ఆ పిల్లలు అమ్మకానికి ఎదిగి ఉంటాయి. పది గొర్రెల మందకు సొంత పొట్టేలు అవసరం లేదు, ఇరుగుపొరుగు మందతో పంచుకోవచ్చు. అయితే రెండేళ్లకోసారి పొట్టేలును మార్చాలి. లేకపోతే తండ్రికి కూతుళ్లే జతై పిల్లలు చిన్నబోతాయి.

పునర్వసు నుంచి పుబ్బ దాకా: పచ్చి మేత పండుగ, తడి రోగాలు

జూలై రెండో వారం నుంచి సెప్టెంబరు మొదటి వారం వరకు మేత విరివిగా ఉంటుంది. ఉన్నదంతా ఆ రోజుల్లోనే తినిపించేయడం తేలిక. మిగులు మేతను ఎండాకాలానికి పాతర వేయడమే తెలివైన పని. మొక్కజొన్న గింజ పాలు పోసుకొని గట్టిపడుతున్న దశలో కోసి, అంగుళం ముక్కలుగా నరికి, గుంతలో టార్పాలిన్ పరచి, పొరలు పొరలుగా వేసి, ప్రతి పొరనూ కాళ్లతో గట్టిగా తొక్కాలి. గాలి మిగిలితే బూజు పడుతుంది. ఒక ఘనపు మీటరు గుంతలో సుమారు 500 నుంచి 600 కిలోలు పడుతుంది. పైన టార్పాలిన్ కప్పి, మట్టి మెత్తి 45 రోజులు కదపకుండా ఉంచాలి. తెరిచాక పులుపు వాసన, పసుపు కలిసిన ఆకుపచ్చ రంగు ఉంటే మేత బాగా మాగిందని అర్థం. నల్లగా, కుళ్లు వాసనతో ఉన్న భాగాన్ని దిబ్బలో పారేయాలి, పశువుకు పెట్టకూడదు. మొదట రోజుకు నాలుగైదు కిలోలతో మొదలుపెట్టి క్రమంగా 15 కిలోల దాకా పెంచవచ్చు.

వానాకాలంలో జీవాలకు ముప్పు ఎక్కువ. సాయంత్రం పూట ముసిరే చిన్న దోమలు నీలి నాలుకను మోసుకొస్తాయి కాబట్టి పొద్దు వాలకముందే జీవాలను కొట్టంలోకి తోలి, వేపాకు పొగ వేయాలి. చెరువు శిఖంలో (చెరువు లోపలి భూమిలో), నీరు నిలిచిన చోట్ల మేపితే నత్తల ద్వారా కార్జపు జలగ (కాలేయంలో చేరే పురుగు) సోకుతుంది. గిట్టల మధ్య పుండ్లకు ఐదు శాతం మైలుతుత్తం నీళ్లలో కాళ్లు ముంచి నడిపించాలి. ఆ నీళ్లు గొర్రెలు తాగకుండా దగ్గర నిలబడి చూడాలి. మైలుతుత్తంలో ఉండే రాగి లోహం గొర్రెకు విషం.

గేదెలకు ఈ కాలంలో పొదుగువాపు భయం. పాలు పితికే ముందు పొదుగు కడిగి, పొడి గుడ్డతో తుడిచి, మొదటి రెండు మూడు ధారలను నల్లటి గుడ్డ మీద గానీ వేరే గిన్నెలో గానీ పితికి చూడాలి. పాలలో పెరుగు ముక్కల్లాంటి పలుకులు కనిపిస్తే ఆ చన్నును చివర పితికి, ఆ పాలను పారబోసి, అదేరోజు వైద్యం మొదలుపెట్టాలి. పితికిన తర్వాత అరగంట దాకా గేదె పడుకోకుండా మేత వేసి నిలబెట్టడం మంచిది. ఆ అరగంటలో చన్ను రంధ్రం మూసుకుంటుంది.

ఉత్తర, హస్త: వాన లెక్క తేలే కాలం

ఉత్తర చూసి ఎత్తర గంప అన్న మాట వలసల రోజుల్లో పుట్టింది. అప్పటికీ వాన సరిగ్గా లేకపోతే ఊరు వదిలి పోవడమే మిగిలేది. ఇప్పుడు ఆ మాటను ఉలవలు విత్తే అదనుగా తీసుకోవచ్చు. ఎండిపోయిన పెసర చేలో, ఖాళీగా ఉన్న మడిలో సెప్టెంబరులో ఉలవలు చల్లితే, ఒకటి రెండు వానలతోనే గింజ కాకపోయినా తీగ మేతగా దక్కుతుంది. వానలు బాగున్న ఏడు కూడా నేను ఈ పని మానను. చలికాలంలో గేదెకు ఉడికించిన ఉలవలంత బలమైన దాణా కొనడం ఖరీదు.

జొన్న కోశాక చొప్పను చేలోనే నాలుగైదు రోజులు ఆరనిచ్చి కట్టలు కట్టాలి. పచ్చిగా వాము వేస్తే లోపల వేడెక్కి బూజు పడుతుంది. వాము అడుగున రాళ్లు, కంపలు పరిచి నేలకు జానెడు ఎత్తున మొదలుపెట్టాలి, పైభాగం గోపురంలా ముగిసి వాన జారిపోవాలి.

బోరు కింద దశరథ గడ్డి సరిగ్గా పెరగని చోట అక్టోబరు, నవంబరు నెలల్లో లూసర్న్ విత్తవచ్చు. లూసర్న్‌ను మంచుతో తడిసి ఉండగా, ఖాళీ కడుపు మీద మేపితే కడుపుబ్బరం వస్తుంది. కోసి, కాస్త వాడనిచ్చి, ఎండుగడ్డితో కలిపి వేయాలి.

చిత్త, స్వాతి, విశాఖ: గేదె ఎద

గేదె ఏడాది పొడవునా ఎదకు రాదు. వాతావరణం చల్లబడ్డాక, అక్టోబరు నుంచి ఫిబ్రవరి వరకే ఎక్కువగా వస్తుంది. గేదెది మూగ ఎద. ఆవులా అంతగా అరవదు, పక్క పశువు మీదికి సాధారణంగా ఎక్కదు. తెల్లవారుజామున కొట్టంలోకి వెళ్లి పడుకున్న గేదె వెనుక భాగాన్ని లాంతరు వెలుతురులో చూడాలి. తోక మీద, నేల మీద గుడ్డులోని తెల్లసొనలా స్వచ్ఛమైన తీగలు కనిపిస్తాయి. మానం కాస్త ఉబ్బి ఉంటుంది. కొద్దికొద్దిగా పదేపదే మూత్రం పోస్తుంది. ఆ రోజు పాలు చేపడంలో తేడా వస్తుంది, మేత మీద ధ్యాస ఉండదు. ఉదయం ఈ లక్షణాలు కనిపిస్తే సాయంత్రం, సాయంత్రం కనిపిస్తే మరునాటి ఉదయం గోపాలమిత్రను పిలిచి కృత్రిమ గర్భధారణ చేయించాలి. తీగల్లో తెల్లటి చీము కనిపిస్తే ముందు గర్భకోశానికి వైద్యం చేయించాలి, ఆ ఎదలో సూది వేయించకూడదు. 21 రోజులకు మళ్లీ ఎద వచ్చిందేమో చూడాలి. రాకపోతే రెండున్నర మూడు నెలలకు చూడి పరీక్ష చేయించాలి.

గేదె చూలు కాలం దాదాపు 310 రోజులు. అక్టోబరు మధ్యలో కట్టిన గేదె ఆగస్టు మూడో వారానికి, ఫిబ్రవరి మొదట్లో కట్టినది డిసెంబరు మధ్యకు ఈనుతుంది. రెండు గేదెలను ఈ రెండు అదనుల్లో వేరువేరుగా కట్టించగలిగితే ఇంట్లో ఏడాది పొడవునా పాలుంటాయి. అంతకన్నా ముఖ్యంగా, మేత లేని ఏప్రిల్, మే నెలల్లో రెండు గేదెలూ నిండు పాడితో ఉండే కష్టం తప్పుతుంది. ఎద దాటిపోయి ఎండాకాలంలో ఈనే లెక్క వస్తే, ఒక ఎదను వదిలేసి ఆగడమే మేలని నేను అంటాను. చాలామంది దీనికి ఒప్పుకోరు, ఖాళీ గేదెను మేపడం దండగ అంటారు. కానీ మే నెలలో ఈనిన గేదెకు కొనే దాణా ఖర్చు చూశాక ఆ లెక్క మారుతుంది.

ఈనడం: ముందు రెండు నెలలు, తర్వాత రెండు రోజులు

ఈనడానికి రెండు నెలల ముందు పాలు పితకడం ఆపి గేదెను వట్టిపోనివ్వాలి. పొదుగుకు ఆ విశ్రాంతి లేకపోతే తరువాతి ఈతలో పాలు తగ్గుతాయి, దూడ బలహీనంగా పుడుతుంది. చివరి నెలలో రోజుకు రెండు కిలోల దాకా దాణా ఇస్తూ పోవాలి.

దాణాను ఇంట్లోనే కలుపుకోవచ్చు. వంద కిలోలకు 40 కిలోల మొక్కజొన్న లేదా జొన్న నూక, 27 కిలోల పల్లిచెక్క లేదా పత్తిచెక్క, 30 కిలోల తవుడు లేదా కంది చునీ, రెండు కిలోల ఖనిజ లవణ మిశ్రమం, ఒక కిలో ఉప్పు కలపాలి. ఈనాక ఒంటి పోషణకు ఒక కిలో, ప్రతి రెండు లీటర్ల పాలకు మరో కిలో చొప్పున ఇవ్వాలి. వరిగడ్డి ఎక్కువగా తినే గేదెకు ఖనిజ మిశ్రమం మానకూడదు, ఆ గడ్డిలోని ఆక్సలేట్లు కాల్షియంను ఒంటికి పట్టనివ్వవు.

నొప్పులు మొదలైన గేదెను పొడిగడ్డి పరిచిన విశాలమైన చోట వదిలి, దూరంగా ఉండి గమనించాలి. ఉమ్మనీటి సంచి పగిలాక రెండు ముందుకాళ్లు, వాటిమీద మూతి ఆనుకొని బయటికి రావడం సహజమైన వరుస. గంట దాటినా ఏమీ కనిపించకపోయినా, ఒకటే కాలు వచ్చినా, తోక కనిపించినా లాగడం మొదలుపెట్టకుండా వైద్యుణ్ణి పిలవాలి. దూడ పడగానే ముక్కు, నోరు తుడిచి, బొడ్డును రెండంగుళాలు వదిలి శుభ్రమైన దారంతో కట్టి, కోసి, టింక్చర్ అయోడిన్‌లో ముంచాలి.

మాయ పడేదాకా దూడకు జున్నుపాలు తాగనివ్వని అలవాటు ఇంకా చాలా ఇళ్లలో ఉంది. దీనంత హాని చేసే అలవాటు పాడిలో ఇంకొకటి లేదు. జున్నుపాలలోని రక్షక పదార్థాలను దూడ పేగు మొదటి కొన్ని గంటల్లోనే బాగా పీల్చుకోగలదు, ఒక రోజు దాటాక ఆ శక్తి ఉండదు. కాబట్టి గంటా రెండు గంటల్లోపే తాగించాలి. మొదటి రోజు మొత్తం మీద దూడ బరువులో పదో వంతు, అంటే 30 కిలోల దూడకు మూడు లీటర్లు, మూడు నాలుగు విడతలుగా ఇవ్వాలి. దూడ చీకడం వల్ల తల్లి గర్భసంచి ముడుచుకొని మాయ త్వరగానే పడుతుంది. 12 గంటలు దాటినా పడకపోతే వైద్యం చేయించాలే గానీ మాయకు రాయి కట్టి వేలాడదీయకూడదు. ఈనిన రెండు మూడు రోజుల్లో గేదె మెడ పక్కకు తిప్పి పడుకొని, చెవులు చల్లబడి, లేవలేకపోతే అది పాలజ్వరం. సమయానికి కాల్షియం ఎక్కిస్తే గంటల్లో లేచి నిలబడుతుంది.

దూడలకు తల్లి పాల ద్వారానే ఏలికపాములు సోకుతాయి కాబట్టి పుట్టిన 10 నుంచి 15 రోజుల లోపు మొదటి నట్టల మందు, ఆపైన ఆరు నెలల వయసు వరకు నెలకోసారి తాగించాలి. గేదె దూడల మరణాల్లో ఎక్కువ భాగం ఈ ఒక్క జాగ్రత్తతో తగ్గించవచ్చు.

చలికాలం: కోడి పొదుగు

కార్తీకం నుంచి మాఘం వరకు కోడిని పొదిగేయడానికి మంచి కాలం. వానాకాలపు చెమ్మ ఉండదు, ఎండకు గుడ్డు చెడదు. పొదుగుకు వచ్చిన నాటు పెట్ట కింద పది పన్నెండు గుడ్లు చాలు. పెట్టిన వారం పది రోజుల లోపు గుడ్లే వేయాలి, కడిగిన గుడ్లు వేయకూడదు. గంపలో బూడిద, ఎండుగడ్డి పరిచి, చీకటిగా ఉండే మూలన ఉంచాలి. పెట్ట రోజుకు ఒకసారి లేచి తిని, తాగి, రెట్ట వేసి వచ్చేంత వీలు ఉండాలి.

ఏడో రోజు రాత్రి పెట్టను పక్కకు జరిపి, ఒక్కో గుడ్డును టార్చిలైటు ముందు పట్టుకొని చూడాలి. పిండం ఉన్న గుడ్డులో ఎర్రటి నరాలు చుక్క చుట్టూ అల్లుకొని కనిపిస్తాయి. ఏమీ లేకుండా కాంతి నేరుగా దూసుకుపోయే గుడ్డు ఒట్టిది, తీసేయాలి. నెత్తుటి వలయం మాత్రమే ఉన్నది మధ్యలో చచ్చినది. 21 రోజులకు పిల్లలు వస్తాయి.

రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ రూపొందించిన వనరాజ, గ్రామప్రియ రకాలు పెరటికి అనువైనవి. గుడ్ల కోసమైతే గ్రామప్రియ మేలు. ఈ రకాల పెట్టలు సరిగ్గా పొదగవు కాబట్టి వాటి గుడ్లను నాటు పెట్ట కిందే వేయాలి. పిల్లలకు మొదటి వారంలో, మళ్లీ 28వ రోజున కొక్కెర రోగానికి చుక్కల మందు, ఆరు ఏడు వారాలకు మశూచి టీకా, ఎనిమిది నుంచి పది వారాలకు కొక్కెర రోగానికి రెక్క కింద సూది వేయించాలి. మొదటి నెల గద్ద, ముంగిస, అడవి పిల్లి బెడద ఉంటుంది కాబట్టి తల్లిని, పిల్లలను గంప కిందో, జాలీ గూటిలోనో ఉంచి సాయంత్రాలు మాత్రమే దగ్గరుండి వదలాలి.

సంక్రాంతి నుంచి ఉగాది: అమ్మకాలకు అసలు అదను

కంది కోసి, కొట్టి, పొట్టును విడిగా దాచాలి. పాడికి అది మంచి మేత. విత్తనపు కందిని గట్టిగా ఎండబెట్టి, ఎర్రమట్టి పట్టించి, మళ్లీ ఎండబెట్టి కుండల్లో పోసి, పైన వేపాకు, బూడిద పొర వేస్తే పుచ్చు పట్టదు. చింతకాయ మాఘ ఫాల్గుణాల్లో రాలుతుంది, ఇంటికి ఏడాదికి సరిపడా కొట్టి ఉంచుకోవాలి.

సంక్రాంతి దాటిన వారంలోనే వామును కొలవాలి. ఒక కట్ట తూకం వేసి, కట్టలు లెక్కపెట్టి, జూన్ చివరిదాకా ఉన్న 160 రోజులతో పోల్చాలి. తక్కువ పడుతుందని తేలితే అప్పుడే, అంటే మేత ఇంకా చవకగా, పశువు ఒళ్లు నిండుగా ఉన్నప్పుడే, ఒక ముసలి గేదెనో, రెండు మూడు పొట్టేళ్లనో అమ్మాలి, లేదా వరిగడ్డి కొనాలి. ఏప్రిల్‌లో గడ్డి ధర పెరిగి, పశువు ధర పడిపోతుంది. ఈ ఒక్క నిర్ణయాన్ని మూడు నెలలు వాయిదా వేయడం వల్ల పోయినంత డబ్బు రోగాల వల్ల కూడా పోదు.

ఖాళీ చేలలో వలస వచ్చే గొర్రెల మందను రాత్రులు కట్టించుకుంటే పెంట, మూత్రం నేరుగా పొలంలో పడతాయి. ధాన్యమో, డబ్బో ముందే మాట్లాడుకోవాలి. ఆ మందతో మన జీవాలను కలపకూడదు, రోగం ఏ దారిలో వస్తుందో చెప్పలేము.

ఎండాకాలం: ఊరవేసిన గడ్డి, నీడ, నీరు, పెంట

వరిగడ్డిని యూరియాతో ఊరవేస్తే దాని సత్తువ పెరుగుతుంది. వంద కిలోల గడ్డికి నాలుగు కిలోల యూరియా, 50 నుంచి 60 లీటర్ల నీరు తీసుకోవాలి. యూరియా పూర్తిగా కరిగిన నీటిని పలుచని పొరలుగా పరిచిన గడ్డి మీద సమానంగా చల్లి, తొక్కి, టార్పాలిన్‌తో గాలి పోకుండా కప్పి 21 రోజులు ఉంచాలి. తీసిన గడ్డిని గంటసేపు గాలికి ఆరబెట్టి ఘాటు వాసన పోయాకే వేయాలి. ఆరు నెలల లోపు దూడలకు పెట్టకూడదు. యూరియా నీళ్ల బకెట్టును పశువుకు అందేచోట వదిలితే ప్రాణం పోతుంది కాబట్టి పని ముగియగానే కడిగి దాచాలి.

గేదె నల్లటి చర్మానికి చెమట గ్రంథులు తక్కువ, ఎండను తట్టుకోలేదు. ఉదయం తొమ్మిది లోపు, సాయంత్రం ఐదు తర్వాత మాత్రమే మేతకు వదలాలి. మధ్యాహ్నం రెండు మూడుసార్లు ఒళ్లంతా నీళ్లు పోయాలి, చెరువు దగ్గరుంటే అందులో పడుకోనివ్వాలి. రేకుల కప్పు మీద చొప్ప పరిచి తడపాలి. గోలెంలో ఎప్పుడూ నీరుండాలి. పాలిచ్చే గేదె రోజుకు 60 నుంచి 80 లీటర్లు తాగుతుంది. కోళ్లకు మట్టి కుండల్లో నీళ్లు నీడన పెట్టాలి. ఎండదెబ్బ తగిలిన గేదె నాలుక బయటపెట్టి రొప్పుతుంది. నీడకు తెచ్చి, తల మీద తడి గోనె కప్పి, నీళ్లు పోస్తూ వైద్యుణ్ణి పిలవాలి. పిడుదులు కూడా ఈ కాలంలోనే పెరుగుతాయి. పశువు ఒంటికి మందు కొడితే సరిపోదు, కొట్టం గోడల పగుళ్లలోనూ కొట్టాలి, గుడ్లన్నీ అక్కడే ఉంటాయి.

భరణి, కృత్తిక కార్తెల్లో దిబ్బ తవ్వి పెంటను పొలానికి తోలాలి. ఏడాది పొడవునా గుంతలో వేసి, మూత్రపు మట్టితో కలిపి, అప్పుడప్పుడు తడుపుతూ మగ్గనిచ్చిన పెంట నల్లగా, పొడిగా, వాసన లేకుండా ఉంటుంది. పచ్చి పెంట తోలితే చెదలు, కలుపు గింజలు వెంట వస్తాయి. ఎండిన చెరువు నుంచి నల్లమట్టి దొరికితే పెంటతోపాటే తోలి, దుక్కికి ముందు పరచాలి. ఎర్ర చల్క నేలకు ఆ మట్టి వానను నిలుపుకునే శక్తినిస్తుంది. తోలిన పెంటను కుప్పలుగా ఎండలో వదిలేస్తే సగం సత్తువ గాలిలో కలిసిపోతుంది. తోలిన రెండు మూడు రోజుల్లోనే పరచి దున్నాలి.

కొట్టం గోడకు ఒక నోటు పుస్తకం వేలాడదీసి, ప్రతి గేదె ఎద తేదీ, కట్టించిన తేదీ, ఈనాల్సిన తేదీ, జీవాల టీకాల తేదీలు, నట్టల మందు పేరు, సంక్రాంతి నాటి వాము తూకం అందులో రాస్తూ ఉండాలి. నట్టల మందు పేరు రాయడం ఎందుకంటే, ఏటా ఒకే మందు వాడితే నట్టలు దానికి అలవాటుపడతాయి. వచ్చే మే నెలలో వైద్యుడు అడిగే మొదటి ప్రశ్న నిరుడు ఏ మందు తాగించారన్నదే.